బూడిద గోడ మీద బొటనవేలు

మిర్యాలగూడలో నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో తెల్ల చొక్కా వేసుకోవడానికి కొంచెం ధైర్యం కావాల్సి వచ్చేది. పొద్దున ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి నల్లటి నలుసులతో దండెం దిగేది. సాగర్ ఎడమ కాలువలో నీళ్ళు వచ్చాక ఊరి చుట్టూ రైసు మిల్లులు లేచాయి. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకాలి. వడ్లు ఉడకడానికి పొయ్యిలో ఊక మండాలి. ఊక మండితే బూడిద. బియ్యం రైలెక్కి ఎక్కడెక్కడికో పోయేది, బూడిద మాత్రం మా దగ్గరే ఉండిపోయేది. రోడ్డు పక్కన కుప్పలు, కాలువ గట్టు మీద కుప్పలు, దిక్కులేని జాగా ఎక్కడ కనబడితే అక్కడ కుప్పలు. గాలి లేస్తే సైకిళ్ళవాళ్ళు కళ్ళు మూసుకొని తొక్కేవారు.

ఈ బూడిద గురించి నేను అర్జీలు రాశాను, సభల్లో అరిచాను. మా హేతువాద మిత్రులం నలుగురం హోటల్ ముందు బల్లల మీద కూర్చుని, ఎవరి లాభానికి పుట్టిన చెత్త ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందని గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. చెవుల్లో బూడిద పెట్టుకొనే వాదించుకునేవాళ్ళం. ఏ ఒక్క కుప్పా జరగలేదు.

అప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నా స్నేహితుడొకడు నల్గొండ నుంచి వచ్చి, మాటల మధ్య మామూలుగా, పత్రికలో చదివిన ఒక సంగతి చెప్పాడు. ఊకను మెల్లగా కాలిస్తే వచ్చే బూడిదరంగు పొడిలో ఇసుకలో ఉండే పదార్థమే ఉంటుందట. కాకపోతే ఇసుకలోలా మొద్దుగా పడి ఉండదట. సన్నగా నూరి సున్నంతో కలిపి తడిపితే సున్నాన్ని పట్టుకొని రాయిలా బిగుస్తుందట. సిమెంటులో కొంత తగ్గించి, ఆ తగ్గిన చోట ఈ బూడిదా సున్నమూ వేసి గోడలు కట్టుకోవచ్చట.

ఆ మాట విన్నాక నాకు కాలు ఒక చోట నిలవలేదు. ఎందుకంటే మా అక్కకు ఇల్లు కావాలి.

మాది పాలమూరు జిల్లా మెట్ట పల్లె. మా ఊళ్ళో సగం మంది దేశం మీద పడి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వాళ్ళ సొంత గుడిసెకు నిలువు గోడ ఉన్నవాళ్ళను నేను చిన్నప్పుడు చూడలేదు. అక్కను కాలువ నీళ్ళున్న ప్రాంతమని ఇక్కడ ఇచ్చారు. బావ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అప్పటి నుంచి అక్క తన భర్తకు అన్న అయిన పెద్దబావ ఇంట్లో, వీధి వైపు అరుగు మీద, ఒక మూలకు గోనెపట్టా పరదా కట్టుకొని బతుకుతోంది. పగలు మిల్లు కల్లంలో ఉడికిన వడ్లు ఎండబోసే పని. వచ్చాక ఆ పరదా వెనక వంట, స్నానం, నిద్ర. దారిన పోయే ప్రతివాడికీ పరదా సందులోంచి చూసే హక్కు ఉన్నట్టుండేది. నేను నా అద్దె గదికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ మాట ఆమె నోటనే విన్నాను.

"నాకు మిద్దెలొద్దు తమ్మీ. లోపట్నుంచి గొళ్ళెం పెట్టుకునే తలుపు ఒక్కటుంటె సాలు."

పెద్దబావ ఇంటి పక్కనే ఉమ్మడి ఖాళీ జాగా ఉంది. పెద్దమనుషులు కూర్చుని అది అక్కకు ఇమ్మన్నారు. ఆయన సరేనన్నాడు. జాగా వచ్చింది, గోడ ఎలా? అవి సిమెంటుకు పర్మిట్ కావలసిన రోజులు. మా జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఫ్యాక్టరీల గొట్టాలు రాత్రింబవళ్ళు పొగ వదులుతుండేవి. ఆ పొగ కిందే బతికేవాళ్ళకు నాలుగు బస్తాలు దొరకడానికి ఆఫీసు మెట్లు అరగాలి. నేను అరగదీసి తెచ్చినవి గదిలో సగానికైనా సరిపోవు. మిగతా సగం ఆ జాగాలోనే కుప్పగా పడి ఉంది. మిల్లు బండ్లు అక్కడే కదా కుమ్మరించి పోయేవి!

అక్కకు చెబితే అరక్షణం ఆలోచించింది. "గిన్నెలు దాంతోనే తోముతం. పండ్లు దాంతోనే తోముకున్నం. గోడకేం రోగం?" అంది.

పెద్దబావ మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. తమ్ముడు పోయాక వదిలేయకుండా మరదలికి అరుగు మీద చోటిచ్చిన మనిషి. కానీ భయస్థుడు. ఆయనకు పిల్లి ఎదురొస్తే భయం, మంగళవారం ప్రయాణమంటే భయం. ఇప్పుడు ఆయన గోడను ఆనుకొని బూడిదతో కట్టిన గోడ లేస్తుందట!

"మా తమ్ముణ్ణి కాలబెట్టిన బూడిద సాలదా?" అన్నాడు నా మొహం మీదే. "ఇంకింత బూడిద తెచ్చి నా ఇంటి పక్కన గోడ పెడ్తవా? బూడిద పాల్జేస్తున్నవా మమ్ముల?"

"మరి మీ నొసట ఉన్నదేంది బావా?" అన్నాను. పొద్దున్నే పెట్టుకున్న మూడు గీతల విభూతి ఇంకా చెరగలేదు.

"అది దేవునిది."

"ఇది మిల్లుది. దేవుడు కాల్చినా మిల్లోడు కాల్చినా కాలినంక బూడిద బూడిదే గద."

"సారువు గదా, మాటకు మాట బడికాడ నేర్పుతరు," అన్నాడు ఆయన కోపంగా. నాకూ కోపం పెరుగుతోంది. నేను ఇంకా గట్టిగా అనేవాణ్ణి. అక్క మధ్యలోకి వచ్చింది.

"బావా, ఆయన బూడిద కృష్ణల కలిసింది. నేనే జూసిన. ఇది వడ్ల పొట్టు. మనం తిన్న బువ్వకు తొడిగిన అంగి. దీంట్ల ఏ పీనుగ లేదు."

ఆయన ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. చివరకు ఒక షరతు పెట్టాడు. మిరుగం వచ్చేలోపు, అంటే మృగశిర కార్తెలో తొలి వానలు పడేలోపు, గోడ గట్టిగా నిలబడితే సరే. లేకపోతే తీసి పారేయిస్తాడు, ఆ జాగాలో పశువుల కొట్టం వేసుకుంటాడు, అక్క అరుగు మీదనే ఉండాలి. పెద్దమనుషులు కూడా న్యాయంగానే ఉందన్నారు. వానలో కూలే గోడ పక్కింటివాళ్ళ మీద పడితే ఎవరు పూచీ?

వేసవి సెలవులు. నాకు బడి లేదు, నిలకడ కూడా లేదు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ జాగాలోనే. ఊరి చివర ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ముస్లిం పెద్దమనిషి, తెల్లటి గడ్డం, నోరు మాత్రం పదహారేళ్ళ పిల్లవాడిది. వాళ్ళ తాతల నాటి నుంచి డంగుసున్నం పని. అంటే సున్నాన్నీ ఇసుకనూ ఎడ్లు కట్టిన గానుగలో రోజుల తరబడి నూరి గోడలు కట్టేవారు. సిమెంటు వచ్చి ఆ గానుగ రాయి మీద ముళ్ళచెట్లు మొలిచాయి. బూడిద నూరాలని నేను వెళితే మేస్త్రీ నవ్వాపుకోలేకపోయాడు.

"సారూ, మా గానుగ సచ్చిపోయిందనుకున్న. మీరు బూడిద దెచ్చి లేపుతున్నరు. ఎవలన్న సచ్చినంక బూడిదైతరు, ఇది బూడిదతోని బతుకుతాంది."

మేం నల్లటి బూడిద పక్కకు తోసి, కుప్ప లోపల మెల్లగా కాలిన తెల్లటి బూడిదరంగు పొడి ఏరాం. అక్క పాత చీరతో జల్లించింది. ఎడ్లు తిరిగాయి. సున్నం, బూడిద కలిసి గానుగ గాడిలో మెత్తగా మెరిసే పొడి తయారైంది. దానికి కొంచెం సిమెంటు, ఇసుక కలిపి, ఇటుకలతో గోడ మొదలుపెట్టాం. జాగాలో ఒక ఇనుప డ్రమ్ము పెట్టి బోరింగు నీళ్ళు మోసి నింపుకున్నాం. మొదటి రోజు మోకాలెత్తు లేచింది. రెండో రోజు నడుమెత్తుకు వచ్చింది. ఆ సాయంత్రం నేను సైకిల్ మీద ఇంటికి పోతూ గొంతెత్తి పాడుకున్నాను. నాకు పాట రాదు.

మూడో రోజు పొద్దున పెద్దబావ వేపపుల్ల నములుతూ వచ్చాడు. గడప పెట్టాల్సిన చోటు పక్కన, లోపలి వైపు, ఇటుకల మధ్య సందులో బొటనవేలు పెట్టి ఒత్తాడు. వేలు దిగింది. పెరుగులో దిగినట్టు దిగింది.

ఆయన వేలు వెనక్కి తీశాడు. వేలికి అంటిన ముద్దను నాకు చూపించాడు, అంతే.

మేస్త్రీ తాపీతో గీకి చూశాడు. మొదటి రోజు కట్టిన వరస కూడా అంతే మెత్తగా ఉంది. ఎండాకాలపు ఎండకు పైపైన ఎండిన పొర కింద అంతా ముద్ద. నలభై ఏళ్ళ పనిలో ఇలాంటిది చూడలేదన్నాడు. "బూడిద ఒప్పుకుంటలేదు సారూ" అన్నాడు. హోటల్ దగ్గర మా మిత్రులు కూడా అదే అన్నారు, వాళ్ళ మాటల్లో. నల్ల బూడిద కలిసి ఉంటుందన్నాడొకడు. పత్రికల్లో రాసేవన్నీ పట్నపు ప్రయోగశాలల కోసం, మనకు కాదన్నాడింకొకడు. ఊళ్ళో మిగతావాళ్ళకు కారణం వెతకాల్సిన అవసరమే లేదు. బూడిద ఇల్లు, నిలవలేదు. అంతే.

కారణం లేకుండా ఏదీ జరగదని వేదిక మీద చెప్పడం తేలిక. కింద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొడతారు. మెత్తటి గోడ ముందు నిలబడి అదే మాట నాకు నేను చెప్పుకుంటే ఎవరూ కొట్టలేదు. కారణం బూడిదే అయి ఉండవచ్చు కదా? నేను నమ్మాలనుకున్నది నిజం కాకపోవచ్చు కదా? అలా నన్ను నేను అడగడం మానేస్తే నాకూ పెద్దబావకూ తేడా ఏముంటుంది? ఆయన ముహూర్తం చూసుకుంటాడు, నేను పత్రిక చూసుకుంటాను!

ఆ మధ్యాహ్నమే కొబ్బరి చిప్పలు ఏరుకొచ్చాను. నా అద్దె గది వెనక పెరట్లో కూర్చుని అదే బూడిద, అదే సున్నం, అదే బస్తాలోని సిమెంటు, అదే ఇసుక కలిపి ఒక చిప్పలో నింపాను. బూడిద లేకుండా ఒక చిప్ప నింపాను. మూటగుడ్డ తడిపి పైన కప్పాను. మర్నాడు తీసి చూస్తే రెండూ బిగిశాయి. మేకుతో గీస్తే తెల్లటి గీత పడింది కానీ మేకు దిగలేదు.

చిప్పల్ని సైకిల్ బుట్టలో పెట్టుకొని జాగాకు తొక్కాను. ఎంత వేగంగా తొక్కానంటే దారిలో ఒక చిప్ప ఎగిరిపడింది. పగల్లేదు. దిగి దాన్ని తీసుకొని, రోడ్డు మీద నిలబడి, మళ్ళీ ఒకసారి కావాలనే కింద పడేశాను. పగల్లేదు!

అయితే ఇక్కడ బిగిసింది అక్కడ ఎందుకు బిగియలేదు? బస్తా ఒకటే. కుప్ప ఒకటే. నేను జాగా చుట్టూ తిరిగాను. ఇసుక చూశాను, ఇటుకలు చూశాను, తట్టలు చూశాను. అప్పుడు చీమలు కనిపించాయి. ఎర్ర చీమలు, బారుగా, నేల మీద నుంచి డ్రమ్ము అంచు దాకా. ఇంకో బారు గోడ మీద, ఇటుకల సందుల వెంబడి. సిమెంటు గోడలో చీమలకేం పని?

డ్రమ్ములో వేలు ముంచి నాకాను. తియ్యగా ఉంది.

అక్క కల్లం నుంచి వచ్చేదాకా నేను అక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాను. రాగానే అడిగాను.

"నేనే ఏసిన," అంది అక్క, ఏం దాచకుండా. "పెద్ద బెల్లం ముద్ద. పసుపు గుడ్డల కట్టి డ్రమ్ముల ఇడిసిన. అందరు బూడిద ఇల్లు, బూడిద ఇల్లు అంటున్నరు. నాకు నోరు చేదైంది తమ్మీ. ఇంటికి జర తీపి తగలాలె గద. గడప కాడ బెల్లం బెట్టమా? నువ్వు ఎట్లాగూ కొబ్బరికాయ కొట్టనియ్యవు. అందుకని నీళ్ళల్ల ఏసిన."

"నాకెందుకు చెప్పలే?"

"జెప్తె ఏయనిస్తవా?"

మేస్త్రీ పక్కనుంచి ఆమెకు వత్తాసు వచ్చాడు. "బెల్లం ఎయ్యిమన్నది నేనే. సున్నానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోస్తెనే పట్టు. మా తాత కట్టిన గోడలు జూసిన్రా సారూ? గునపం దిగదు. బెల్లం లేకుంటె అది డంగుసున్నం ఎట్లయితది?"

ఆయన చెప్పింది పాత సున్నానికి నిజమే. సిమెంటు సంగతి ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. కానీ తెలుసుకోవడానికి చిప్పలున్నాయి. ఆ డ్రమ్ము నీళ్ళతోనే ఇంకో రెండు చిప్పలు కలిపాను. మర్నాటికి అవి ముద్దగానే ఉన్నాయి. బూడిద ఉన్నదీ ముద్దే, బూడిద లేనిదీ ముద్దే. నేను నల్గొండ బస్సెక్కి స్నేహితుడి దగ్గరకు పోయాను. ఆయన నవ్వి, చక్కెరైనా బెల్లమైనా సిమెంటును పట్టుకోనివ్వదన్నాడు. ఇప్పుడేం చేయాలని అడిగాను. బెల్లం ఎంత పడిందో తెలియదు కాబట్టి మాట ఇవ్వలేనన్నాడు. తడి ఆరకుండా కాపాడితే ఆలస్యంగానైనా బిగియవచ్చు. బిగియకపోవచ్చు కూడా. ఎండకు ఎండిపోతే మాత్రం ఎప్పటికీ ఉత్త మట్టే.

నాలుగు చిప్పల్నీ పెద్దబావ ముందు వరసగా పెట్టాను. ఆయన ఒక్కొక్కటే ఒత్తి చూశాడు.

"దీంట్ల బూడిద ఉంది, గట్టిగుంది. దీంట్ల బూడిద లేదు, మెత్తగుంది. మరి బూడిద తప్పు ఎట్లయితది బావా?"

ఆయన ఆ రెండింటినీ మళ్ళీ ఒత్తాడు. కాదనలేకపోయాడు. ఒప్పుకోవడమూ ఇష్టం లేదు. "చిప్పల ఎవలుంటరు?" అన్నాడు చివరికి. "గోడ మెత్తగనే ఉంది గద. మిరుగం దాక జూస్త. నా మాట మీద నేనుంటె, నీ మాట మీద నువ్వుండు."

గోడ విప్పి ఇటుకలు కడిగి మళ్ళీ కడదామంటే, మిగిలిన సిమెంటు పై గోడకే సరి. ఇంకో పర్మిట్ వచ్చేసరికి వానలు వెళ్ళిపోతాయి. ఆగాలి. ఆగితే బిగుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. నేను అక్కనే అడిగాను, ఏం చేద్దామని. ఆమె అరుగు మీదకు పోయి, తన మూలకు కట్టుకున్న గోనెపట్టా పరదా విప్పి తెచ్చింది. గోడ మీద పరిచి నీళ్ళు కొట్టింది.

"అక్కా, మరి నీకు?"

"నాకేంది? ఇన్నొద్దులు దానెనుక నేనున్న. గిప్పుడు గోడుంటది."

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు కదులుతాయి. ఆమె అరుగు మీద పరదా లేకుండా పడుకునేది. తెల్లవారకముందే, వీధిలో మనిషి అలికిడి లేనప్పుడే, స్నానం ముగించుకునేది. కల్లానికి పోయే ముందు గోడ తడిపేది, మధ్యాహ్నం నేను తడిపేవాణ్ణి, వచ్చాక మళ్ళీ ఆమె. దారిన పోయేవాళ్ళు నిలబడి, "ఏమక్కా, గోడకు మొలకలొచ్చినయా?" అని ఎగతాళి చేసేవారు. "వస్తె నీకో బస్తా పంపుత," అనేది ఆమె. మేస్త్రీ కూడా వచ్చి కూర్చునేవాడు. పని లేకపోయినా వచ్చేవాడు. బెల్లం సంగతి ఆయనకు మింగుడు పడలేదు. మా తాత తప్పు చెయ్యడు, సిమెంటే తప్పుడు సరుకు, తియ్యదనం ఓర్వదు అని గొణిగేవాడు.

ప్రతి పొద్దునా పెద్దబావ వేపపుల్లతో వచ్చేవాడు. గోనెపట్టా పైకెత్తేవాడు. వేలు పెట్టేవాడు. వేలు దిగేది. ఒక పొద్దున సగం గోరు దాకా దిగింది, ఇంకో పొద్దున అంతకంటే లోతుగా దిగినట్టనిపించింది. నేను ఆయన భుజం మీద నుంచి చూసేవాణ్ణి. లోపల్లోపల అరిచేవాణ్ణి. నాకు కనీసం ప్రార్థించుకునే సౌకర్యం కూడా లేదు. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఇలాంటప్పుడు ఏదో ఒకటి చేస్తారు, మొక్కుకుంటారు, కాలం గడుస్తుంది. నేను చిప్పల్ని గీకేవాణ్ణి. బెల్లం చిప్పలు ఇంకా ముద్దగానే ఉండేవి. రోజుకు పదిసార్లు గీకి గీకి వాటి మొహాలన్నీ పాడుచేశాను.

ఒకరోజు పడమటి దిక్కు మబ్బు పట్టింది. ఈదురుగాలి లేచి బూడిద ఊరంతా కమ్మేసింది. మిరుగం ముంగిట్లో ఉంది. పెద్దబావ ఆ రోజు కొంచెం ఆలస్యంగా, మొహం చిన్నబుచ్చుకొని వచ్చాడు. ఇవాళ తేల్చేయాలని వచ్చాడని నాకు అర్థమైంది. అక్క నీళ్ళ చెంబు పట్టుకొని పక్కనే నిలబడింది. ఆయన గోనెపట్టా ఎత్తి, అలవాటైన చోటనే వేలు పెట్టాడు. ఒత్తాడు. వేలు కొన తెల్లబడింది. దిగలేదు. పక్క సందులో ఒత్తాడు. దిగలేదు. పైవరసలో, కింది వరసలో, మూలలో ఒత్తి చూశాడు.

"ఇంకింత గట్టిగ ఒత్తు బావా," అంది అక్క. "మళ్ళ ఒత్తలేదంటవు."

ఆయన నోట్లో వేపపుల్ల తీసి పారేశాడు. "పట్టింది," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఓడిన బాధ ఏమీ లేదు. ఊపిరి వదిలినట్టు అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆయనే మేస్త్రీని పిలుచుకొచ్చి మిగతా గోడ మొదలుపెట్టించాడు. ఈసారి డ్రమ్మును కడిగి, నీళ్ళు నాకి చూసి మరీ వాడాను. మబ్బులు రెండు మూడుసార్లు బెదిరించి పోయాయి. పైన రేకులు పడ్డ సాయంత్రమే పెద్ద వాన. గోడలు తడిశాయి, ఒక్క ఇటుక కూడా జరగలేదు. లోపలి వైపు గిలాబు పూతకు సామాను మిగలలేదు కాబట్టి ఇటుకలు అట్లాగే కనబడుతుండేవి. గడప పక్కన పెద్దబావ వేలి గుంటలు కూడా.

తలుపు బిగించిన రోజు అక్క లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. నేను బయట నిలబడి ఏదో చెప్పాలని తలుపు కొట్టాను.

"జర ఆగు తమ్మీ," అంది లోపలి నుంచి. ఏం చేస్తోందో తెలియదు. వంట వాసన లేదు, గిన్నెల చప్పుడు లేదు. చాలాసేపటి దాకా తియ్యలేదు. అంతసేపు కదలకుండా నిలబడడం నా జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

ఇక్కడితో ఈ కథ ఆపేస్తే మా హేతువాద సంఘం మిత్రులకు బాగుండేది. కానీ బెల్లం చిప్పలు నా పెరట్లోనే ఉన్నాయి. వాన వెలిశాక తీసి చూస్తే అవీ బిగిశాయి. మేకుతో గీశాను. బెల్లం లేనివాటి మీద పడ్డ గీత కంటే వీటి మీద గీత సన్నగా పడింది. మళ్ళీ గీశాను, అంతే. ఆలస్యంగా పట్టింది, పట్టాక ఇంకా గట్టిగా ఉంది. సంఘం సమావేశంలో ఆ మాట చెబుతానంటే మిత్రులు వద్దన్నారు. జనం దాన్ని పట్టుకొని ఎటో పోతారన్నారు. చూసింది చెప్పకపోతే మనం పూజారుల కంటే ఏం మేలు అని నేను గొడవపడి చెప్పాను. రెండు చిప్పల మాట నమ్మొద్దు, ఇంకా వంద చిప్పలు చెయ్యాలి, ఈ ఆలస్యంలో గోడే పోతే గట్టిదనం ఎందుకు అని కూడా చెప్పాను. జనం మొదటి సగం విన్నారు. రెండో సగం నా వెనక బూడిదతో పాటు గాలికి పోయింది. బూడిద గోడకు బెల్లం వెయ్యాలని ఊరంతా పాకింది. నేను సైకిలేసుకొని ఎక్కడ పునాది తవ్వితే అక్కడికి పోయి, వద్దురా నాయినా వద్దని బతిమాలేవాణ్ణి. బెల్లం గురించి నేను చేసినంత ప్రచారం దేవుడు లేడని కూడా చేయలేదు.

మరుసటి వేసవిలో ఒక సాయంత్రం అక్క గదిలో కూర్చుని చాయ్ తాగుతున్నాను. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. ఎవరో కొట్టారు.

"ఎవలు?" అంది అక్క, లేవకుండానే.

"నేనే."

పెద్దబావ గొంతు. ఏళ్ళ తరబడి ఆమె పరదా పక్క నుంచే తన ఇంట్లోకి వచ్చిపోయిన మనిషి, ఇప్పుడు తలుపు కొట్టి బయట నిలబడ్డాడు. అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. పొయ్యి మీద గిన్నెకు మూత పెట్టింది. తొందరేమీ లేదు ఆమెకు. అప్పుడు పోయి గొళ్ళెం తీసింది.

"ఏం బావా?"

"ఏం లేదు. పశువుల కొట్టానికి గోడ పెడ్తున్న. మిల్లుకాడికెళ్ళి బూడిద తోలించిన," అన్నాడు ఆయన గడప దాటి లోపలికి వచ్చి, నావైపు చూడకుండా. "అవునుగాని, నువ్వు అప్పుడు బెల్లం ఎంత ఏసినవ్?"

నేను చాయ్ గ్లాసుతోనే లేచాను. వద్దు బావా, అది సిమెంటును ఆపుతుంది, ఆ చిప్పలు రెండే, అది ఇంకా తేలలేదు, అని మొదలుపెట్టి చేతులూపుతూ చెప్పుకుంటూ పోయాను. ఆయన తలూపుతున్నాడు. వింటున్నాడో లేదో తెలియదు. చెయ్యి మాత్రం గడప పక్కన గోడ మీదకు పోయింది. బొటనవేలు పాత గుంటలో పెట్టి, అది తన వేలికి సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు.